స్టేషన్ మీద ఇచ్చిన ఫిర్యాదు తిరిగి అదే స్టేషన్‌కు చేరుతోంది. పోలీసులను అడిగేవారు ఎవరు?

కొల్లేటి కొంగ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది ఏలూరు జిల్లాలో ఒక పల్లె. చేను గట్టు దగ్గర తగాదా వచ్చి పక్క పొలం వాళ్లు మా నాన్నగారిని పారతో కొట్టారు. తలకు కుట్లు పడ్డాయి. ప్రభుత్వాసుపత్రి నుంచి స్టేషన్‌కు ఇంటిమేషన్ కూడా వెళ్లింది. అయినా ఎఫ్ఐఆర్ కట్టలేదు. "రెండు వైపులా పెద్దమనుషులను తీసుకురండి, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. మేము రాజీకి రామని చెప్పాం. దెబ్బలు తిన్న మనిషినే పొద్దుపోయేదాకా బెంచీ మీద కూర్చోబెట్టారు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాను. కేసు కట్టలేదన్నది ఒక విషయం, మా నాన్నగారిని అలా కూర్చోబెట్టడం రెండో విషయం అని విడివిడిగా రాశాను. ఆ అర్జీ కలెక్టరేట్ నుంచి ఎస్పీ కార్యాలయానికి, అక్కడి నుంచి డీఎస్పీకి, డీఎస్పీ నుంచి సీఐకి వెళ్లి, చివరకు నేను ఎవరి మీద రాశానో ఆ అధికారి బల్ల మీదికే చేరింది. ఆయనే నన్ను పిలిపించి వాంగ్మూలం తీసుకున్నారు. ఆ తర్వాత అర్జీ పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది.

నాకు ఎవరినో సస్పెండ్ చేయించాలని లేదు. ఒక్క విషయం తెలిస్తే చాలు. తప్పు చేసిన పోలీసు మీద పోలీసు కాని మనిషి విచారణ జరిపే ఏర్పాటు మన రాష్ట్రాల్లో ఉందా? ఉంటే అది ఏ ఊళ్లో, ఏ భవనంలో ఉంది?

నిర్వాహకులు

పై టపాలోని స్టేషన్ పేరు, అధికారి పేరు తొలగించాం. విచారణ జరగని ఆరోపణకు ఇక్కడ పేర్లు పెట్టవద్దు. విషయం మీద ఎంతయినా రాయండి.

ఒంగోలు వకీలు

మీరు రెండు విషయాలనూ విడదీసి రాయడం మంచి పని. చాలామంది కలిపేసి రెండూ పోగొట్టుకుంటారు.

మొదట కేసు సంగతి. పారతో కొట్టి గాయపరచడం కాగ్నిజబుల్ నేరం, అంటే వారంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం. లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే చెప్పింది, అలాంటి సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరి. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో అది 173వ సెక్షన్. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు ప్రాథమిక విచారణ చేసుకునే వీలు ఇచ్చారు కానీ, దానికి డీఎస్పీ అనుమతి ఉండాలి, 14 రోజుల్లో ముగించాలి. పెద్దమనుషులను పిలిపించడం ప్రాథమిక విచారణ కాదు.

స్టేషన్‌లో నిరాకరిస్తే 173(4) కింద ఫిర్యాదు సారాంశాన్ని ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి. కలెక్టరేట్ అర్జీ దీనికి బదులు కాదు. నేరుగా ఎస్పీ పేరున రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గర 175(3) కింద దరఖాస్తు వేయాలి. పాత చట్టంలో 156(3) అనేవాళ్లం. ఈ దారి పనిచేస్తుంది. నెమ్మదిగానైనా పనిచేస్తుంది.

రెండోది, మీ నాన్నగారిని కూర్చోబెట్టిన సంగతి. మీ అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. చట్ట ప్రకారం జవాబు: పోలీసు కంప్లయింట్స్ అథారిటీ. దాని మీద సాయంత్రం రాస్తాను, కోర్టుకు వెళ్లాలి.

పాత రైటర్

నేను స్టేషన్ రైటర్‌గా చాలా కాలం పనిచేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. అర్జీ కింది దాకా ఎందుకు దిగుతుందో చెబుతాను.

కలెక్టరేట్‌లో వచ్చిన ప్రతి అర్జీకీ గడువు ఉంటుంది. గడువు దాటితే ఆ జిల్లా లెక్కల్లో పెండింగు కనబడుతుంది, సమీక్షలో అడుగుతారు. అందుకని ఎస్పీ ఆఫీసు "విచారించి నివేదిక పంపగలరు" అని ఎండార్స్ చేసి కిందికి పంపుతుంది. డీఎస్పీ కార్యాలయంలో విచారణకు విడిగా మనుషులు ఉండరు. సీఐకి పంపుతారు. సీఐ చేతిలో నాలుగు స్టేషన్ల కేసులు, బందోబస్తు, కోర్టు వాయిదాలు. ఆయన స్టేషన్‌కు పంపుతారు. స్టేషన్‌లో రైటర్ ఒక నివేదిక రాస్తాడు, ఎస్ఐ సంతకం పెడతారు, ఆ కాగితం వచ్చిన దారినే పైకి వెళుతుంది. పైన ఎవరూ దాన్ని తిరగరాయరు. నేను రాసిన నివేదికల్లో ఇదే నడక.

ఇందులో ఎవరి చెడ్డతనమూ ఉండనవసరం లేదు. ఏర్పాటే అలా ఉంది. అందుకే ఎంత మంచి ఎస్పీ వచ్చినా ఇది మారదు.

సివిల్స్ బెంచి

నేను గ్రూప్స్‌కు చదువుతున్నాను. మా అన్న కానిస్టేబుల్. ఒక మాట అడగాలనిపించింది. పోలీసుల మీద ఇప్పటికే ఎంతమంది ఉన్నారు? పైఅధికారులు, కోర్టు, మానవ హక్కుల కమిషన్, లోకాయుక్త, ఏసీబీ, పత్రికలు. ఇంకో అథారిటీ వస్తే కేసు కట్టించుకున్న ప్రతివాడూ ఎస్ఐ మీద ఎదురు ఫిర్యాదు పెడతాడు. అప్పుడు దొంగను పట్టుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? మా అన్నకు వారాంతపు సెలవు సరిగా దొరకదు. ఆయన గోడు వినే అథారిటీ ఏదీ లేదు.

విలేకరి నల్గొండ

మీ అన్నగారి గోడు నిజమే. కానీ ఆ జాబితాలో ఉన్నవాళ్లు స్టేషన్ దాకా ఎలా వస్తున్నారో చూడండి.

మానవ హక్కుల కమిషన్ అన్నారు. తెలంగాణ కమిషన్‌కు 2022 డిసెంబర్‌లో చైర్మన్ పదవీకాలం ముగిస్తే మళ్లీ చైర్మన్ వచ్చింది 2025 ఏప్రిల్‌లో. రెండేళ్లకు పైగా ఆ కుర్చీ ఖాళీ. మానవ హక్కుల చట్టంలో 36(2) ప్రకారం ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారించలేదు. అంటే ఆ ఖాళీ కాలంలో దెబ్బలు తిన్నవాళ్లలో చాలామందికి గడువే దాటిపోయింది. నా దృష్టిలో ఇంతకంటే పెద్ద అన్యాయం లేదు.

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో ఒక దళిత మహిళ కస్టడీలో చనిపోయారు. పౌర హక్కుల సంఘం హైకోర్టుకు వెళ్లింది, పత్రికలన్నీ రాశాయి. ఎస్ఐని, ఇద్దరు కానిస్టేబుళ్లను సర్వీసు నుంచి తొలగించారు. ప్రాణం పోయింది కాబట్టి అంత కదలిక వచ్చింది. ప్రాణం పోని రోజుల్లో, అంటే ఒక చెంపదెబ్బ, ఒక రాత్రి నిర్బంధం, ఒక బలవంతపు రాజీ, వీటి గురించి హైకోర్టుకు ఎవరు వెళతారు? స్థానిక పోలీసుల మీద పర్యవేక్షణ అవసరమయ్యేది ఆ చిన్న విషయాల దగ్గరే. అక్కడ అడ్డు లేకపోబట్టే పెద్దవి జరుగుతాయి.

ఒంగోలు వకీలు

ఉదయం ఆపిన చోట నుంచి.

మన పోలీసు వ్యవస్థకు పునాది 1861 నాటి చట్టం. సిపాయిల తిరుగుబాటు జరిగిన నాలుగేళ్లకు వచ్చింది. 3వ సెక్షన్ పోలీసుల పర్యవేక్షణను రాష్ట్ర ప్రభుత్వం చేతిలో పెట్టింది. 4వ సెక్షన్ జిల్లా ఎస్పీని జిల్లా మేజిస్ట్రేటు అదుపులో ఉంచింది. ప్రజలకు జవాబు చెప్పే ఏర్పాటు అందులో ఎక్కడా లేదు, ఎందుకంటే ఆ చట్టం రాసినవారికి అది అవసరం లేదు.

ఎమర్జెన్సీ తర్వాత 1977లో ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ వేశారు. ఎనిమిది నివేదికలు ఇచ్చింది. 1979లో వచ్చిన మొదటి నివేదికలోనే పోలీసుల మీద ఫిర్యాదులను ఎలా విచారించాలో రాసింది. కస్టడీలో అత్యాచారం, మరణం, తీవ్ర గాయం జరిగితే న్యాయ విచారణ తప్పనిసరి చేయమంది. నివేదికలు అలమారాల్లోకి వెళ్లాయి. డీజీపీగా పనిచేసిన ప్రకాశ్ సింగ్ గారు 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. పదేళ్లకు, 2006 సెప్టెంబర్ 22న తీర్పు వచ్చింది.

ఆ తీర్పులో ఏడు ఆదేశాలున్నాయి. మనకు ఇక్కడ కావలసింది ఆరోది. ప్రతి జిల్లాలో ఒక కంప్లయింట్స్ అథారిటీ. అధ్యక్షుడు విశ్రాంత జిల్లా జడ్జి. డీఎస్పీ వరకు అందరి మీదా వచ్చే ఫిర్యాదులు ఇది చూడాలి. ఎస్పీ, ఆపై స్థాయికి రాష్ట్ర అథారిటీ, దానికి హైకోర్టు లేదా సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. కస్టడీ మరణం, తీవ్ర గాయం, అత్యాచారంతో పాటు, జిల్లా అథారిటీ డబ్బు గుంజడం, భూములు ఇళ్లు ఆక్రమించడం, అధికారాన్ని తీవ్రంగా దుర్వినియోగం చేయడం కూడా విచారించాలి. విచారణకు సొంత మనుషులను పెట్టుకోవచ్చు, విశ్రాంత దర్యాప్తు అధికారులను వాడుకోవచ్చు. దాని సిఫారసు ప్రభుత్వం పాటించి తీరాలి.

కొల్లేటి కొంగ గారూ, మీ అర్జీ వెళ్లవలసిన చోటు అది. జిల్లా కేంద్రంలో బోర్డు కట్టి, గుమస్తా కూర్చుని, రసీదు ఇచ్చే ఒక కార్యాలయం.

కొల్లేటి కొంగ

సార్, ధన్యవాదాలు. జిల్లా కేంద్రంలో ఆ బోర్డు నేను చూడలేదు. కలెక్టరేట్‌లో అడిగితే ఎస్పీ ఆఫీసుకు వెళ్లమన్నారు. ఎస్పీ ఆఫీసులో అడిగితే "మీ అర్జీ డీఎస్పీ గారి దగ్గర ఉంది" అన్నారు.

విలేకరి నల్గొండ

ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర అథారిటీ విషయం గుర్తు చేస్తాను. 2020లో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నియామక వివాదంలో పేరు వినబడిన మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కనగరాజ్‌ను 2021లో ఈ అథారిటీకి చైర్మన్‌గా వేశారు. వయసు నిబంధనకు విరుద్ధమంటూ పిటిషన్ పడింది, హైకోర్టు ఆ నియామకాన్ని నిలిపివేసింది. తీర్పు వచ్చిన పదిహేనేళ్ల తర్వాత కూడా మొదటి కుర్చీ దగ్గరే ఇలా జరిగింది. సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం చైర్మన్‌ను హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పంపిన జాబితా నుంచి ఎంచుకోవాలి. పర్యవేక్షించేవారిని పర్యవేక్షణలో ఉండేవారే ఎంచుకోకూడదనే ఆ నియమం పెట్టారు. అన్ని పార్టీల ప్రభుత్వాలకూ అక్కడే ఇబ్బంది వస్తోంది.

మంజీర

నేను సంగారెడ్డి వైపు. ఒకసారి ఎంపీటీసీగా గెలిచాను. మాట్లాడవలసిన ఒక విషయాన్ని ఎవరూ ఎత్తలేదు. ఎస్ఐ ఎవరి మాట వింటారు? తన పోస్టింగు ఎవరి వల్ల వచ్చిందో వాళ్ల మాట వింటారు.

మండలానికి ఎస్ఐ రావాలంటే ఎమ్మెల్యే సిఫారసు లేఖ ఉండాలన్నది ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. మా దగ్గర ఒక మహిళ భర్త కొడుతున్నాడని స్టేషన్‌కు వెళితే, ఆ భర్త ఏ పార్టీ మనిషో కనుక్కున్నాకే కాగితం తీసుకున్నారు. నేను వెంట వెళ్లాను కాబట్టి తీసుకున్నారు. ప్రజాప్రతినిధి వెంట వెళితేనే ఫిర్యాదు తీసుకునే పరిస్థితి ఉంటే, ప్రజాప్రతినిధి అవతలి పక్షాన ఉన్న ఆడవాళ్ల గతి ఏమిటి?

అందుకని నా భయం ఇది. "ప్రభుత్వ పర్యవేక్షణ" అని మీరంతా అంటున్నారు. ప్రభుత్వం ఇప్పటికే పర్యవేక్షిస్తోంది, ఎక్కువగానే పర్యవేక్షిస్తోంది, ఫోను ద్వారా. మనకు కావలసింది ఆ ఫోనుకు అందని పర్యవేక్షణ.

పాత రైటర్

మంజీర గారు చెప్పిన మాటకు నేను సాక్షిని. మాట వినని ఎస్ఐని రాత్రికి రాత్రి వీఆర్‌కు (పోస్టింగు లేకుండా ఖాళీగా) పంపడం, లేదంటే లూప్ లైన్‌లో, అంటే ప్రాధాన్యం లేని పోస్టులో పడేయడం నా సర్వీసులో మామూలు విషయం. పేకాట శిబిరం మీద దాడి చేసినందుకు బదిలీ అయిన మనిషి దగ్గర నేను పనిచేశాను. ఆయన తర్వాత వచ్చినవారు ఆ వీధి వైపు వెళ్లలేదు. ఎందుకు వెళతారు?

సివిల్స్ బెంచి తమ్ముడూ, మీ అన్న గురించి అడిగావు. అదే ప్రకాశ్ సింగ్ తీర్పులో ఎస్‌హెచ్‌ఓని (స్టేషన్ బాధ్యుడైన అధికారిని) కనీసం రెండేళ్లు కదల్చకూడదని ఉంది. డీఎస్పీ, అంతకు కింది స్థాయి బదిలీలు డీజీపీ, నలుగురు సీనియర్ అధికారులు ఉన్న పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు మాత్రమే చేయాలని ఉంది. ఇవన్నీ ఒక మూటలో ఇచ్చారు. పోలీసుకు రక్షణ, ప్రజలకు ఫిర్యాదు చేసే చోటు, రెండూ కలిసి ఉంటేనే నిలబడతాయి. ఏ అండా లేని నిజాయితీపరుడికి స్వతంత్ర విచారణే అండ. నా మీద ఒకసారి తప్పుడు ఫిర్యాదు వచ్చింది. శాఖలోనే విచారణ చేసి ఏమీ లేదని తేల్చారు. ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు, వాళ్ల మనిషిని వాళ్లే వదిలేశారు అన్నారు. బయటి జడ్జి ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే నా పరువు నిలిచేది.

సివిల్స్ బెంచి

పెద్దాయనా, ఆ కోణం నేను ఆలోచించలేదు. కానీ తప్పుడు ఫిర్యాదుల సంగతి అలాగే ఉంది కదా. కేసులో ముద్దాయిలే ఎక్కువగా ఫిర్యాదులు చేస్తారు.

ఒంగోలు వకీలు

అవును, చేస్తారు. అందుకే జడ్జిగా పనిచేసినవారిని కూర్చోబెట్టమన్నారు. ఏది కట్టుకథో ఏది నిజమో తేల్చడమే వాళ్లు జీవితమంతా చేసిన పని. ముద్దాయి చేసిన ఫిర్యాదు కాబట్టి అబద్ధమని కొట్టేయలేం. లాకప్‌లో దెబ్బలు తినేది ఎక్కువగా ముద్దాయిలే.

1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది. ఆమె నడవడిక మంచిది కాదని మొదట ప్రచారం చేశారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులు నేరం చేశారని తేల్చింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది, అక్కడ పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. నేను దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, ఒక ఘటనకు ఒక కమిషన్ వేసే పద్ధతి మనకు అప్పటి నుంచీ ఉంది. కమిషన్ నివేదిక ఇచ్చి వెళ్లిపోతుంది. శాశ్వతంగా ఉండే కార్యాలయం లేదు. రెండు పద్ధతులకు చాలా తేడా ఉంది.

విలేకరి నల్గొండ

2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. నేను ఆ రోజు వార్తలు రాశాను. సుప్రీంకోర్టు వేసిన సిర్‌పూర్కర్ కమిషన్ 2022లో ఆ ఎదురుకాల్పుల కథనాన్ని నమ్మలేమని, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని చెప్పింది. పూలు చల్లినవారిలో ఎంతమంది ఆ నివేదిక చదివారు? పర్యవేక్షణ లేకపోవడానికి ప్రభుత్వాలను మాత్రమే అనలేం. మనకు నచ్చని మనిషి మీద పడిన దెబ్బను మనం ఫిర్యాదుగా లెక్కించడం లేదు.

నిర్వాహకులు

ఆ కేసు మీద వాదన పెరిగితే అసలు విషయం పక్కకు పోతుంది. స్టేషన్ స్థాయికి రండి.

లీసెస్టర్ తెలుగు

మాది విజయవాడ. ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాను. ఇక్కడి ఏర్పాటు గురించి రెండు ముక్కలు, పనికొస్తే వాడుకోండి.

ఇక్కడ పోలీసు చర్య తర్వాత మరణం లేదా తీవ్ర గాయం జరిగితే ఆ విషయాన్ని ఐఓపీసీ అనే స్వతంత్ర సంస్థకు పంపడం పోలీసులకు తప్పనిసరి. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా పంపాలి. స్థానిక పోలీసుల మీద పెత్తనానికి ఓటర్లు ఎన్నుకునే కమిషనర్లను కూడా 2012లో పెట్టారు. మొదటి ఎన్నికలో ఓటు వేసింది సుమారు 15 శాతం మందే. ఆ పదవులను 2028 మేలో రద్దు చేస్తామని ప్రభుత్వం 2025 నవంబర్‌లో ప్రకటించింది. ఎన్నిక పెడితే పర్యవేక్షణ దానంతట అదే రాదని నాకు అనిపించింది.

నాకు బాగా నచ్చినది చిన్న ఏర్పాటు. కస్టడీ విజిటర్లు అని స్థానికులు ఉంటారు. టీచర్లు, దుకాణదారులు, రిటైరైనవారు. జీతం లేదు. ఇద్దరిద్దరుగా ఏ వేళప్పుడైనా చెప్పకుండా స్టేషన్‌కు వెళతారు. లోపలికి వెంటనే పంపాలి. లాకప్‌లో ఉన్నవారితో మాట్లాడతారు. అన్నం పెట్టారా, మందులిచ్చారా, లాయరుకు కబురు చేశారా అని అడిగి కాగితం మీద రాసి ఇస్తారు. 1981 బ్రిక్స్‌టన్ అల్లర్ల మీద వచ్చిన స్కార్మన్ నివేదిక తర్వాత ఇది మొదలైంది. 2002లో చట్టంలోకి వచ్చింది. ఎవరో రావచ్చు అన్న ఎరుక ఉంటే స్టేషన్ నడవడికే మారుతుంది.

మంజీర

ఇది నాకు నచ్చింది. మా మండలంలో స్వయం సహాయక సంఘాల మహిళలు, రిటైరైన హెడ్మాస్టర్లు, ఏఎన్ఎంలు ఉన్నారు. ఇద్దరు వెళ్లి లాకప్ చూసి రావడానికి డబ్బు కూడా అక్కర్లేదు. మన చట్టంలో ఇలాంటిది లేదా?

ఒంగోలు వకీలు

ఉంది, ఎవరూ కదల్చలేదు. డి.కె. బసు కేసులో 1996 నాటి పదకొండు నియమాలు చాలామందికి తెలుసు. అరెస్టు మెమో, బంధువులకు కబురు, 48 గంటలకోసారి వైద్య పరీక్ష వగైరా. అదే కేసులో 2015 జులైలో ఇంకో ఉత్తర్వు వచ్చింది. జైళ్లకు, పోలీసు స్టేషన్లకు అనధికార సందర్శకులను నియమించే విషయం రాష్ట్రాలు పరిశీలించాలని అందులో ఉంది. అవసరమని తోచిన ప్రతి స్టేషన్‌లో కనీసం ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు ఉండేలా చూడాలనీ ఉంది. జైళ్లకు సందర్శకుల పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. స్టేషన్లకు మాత్రం "పరిశీలించాలి" అన్న మాట దగ్గరే ఆగింది.

కేరళ 2011 పోలీసు చట్టంలో జిల్లా అథారిటీలను కూడా చేర్చింది. అందులో నాకు నచ్చనిది, జిల్లా అథారిటీలో కలెక్టరు, ఎస్పీ కూడా సభ్యులు. ఎస్పీ కూర్చున్న బల్ల ముందు ఎస్పీ కింది అధికారి మీద చెప్పుకోవాలి. అయినా అక్కడ పేరూ చిరునామా ఉన్న కార్యాలయం ఉంది.

ఇంకోటి. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలతో పాటు కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం, రామగుండం, సిద్దిపేటల్లోనూ కమిషనరేట్లు వచ్చాయి. కమిషనరేట్ వస్తే బైండోవర్ (మంచి నడవడికకు పూచీకత్తు రాయించుకోవడం) వంటి మేజిస్ట్రేటు అధికారాలు రెవెన్యూ అధికారుల నుంచి పోలీసు కమిషనర్‌కు మారతాయి. పట్టుకునేవారూ పూచీకత్తు అడిగేవారూ ఒకే శాఖ అవుతారు. 1861 చట్టంలో కలెక్టరు ద్వారా ఉన్న కొద్దిపాటి అడ్డూ అక్కడ లేదు. అలాంటి చోట స్వతంత్ర అథారిటీ అవసరం రెండింతలు.

పాత రైటర్

వకీలు గారూ, కెమెరాల సంగతి చెప్పండి. ఈ అబ్బాయికి తక్షణం ఉపయోగపడేది అదే. వాళ్ల నాన్నను బెంచీ మీద కూర్చోబెట్టిన గంటలన్నీ కెమెరాలో ఉండాలి. జనరల్ డైరీలో రాయకపోయినా కెమెరాలో పడుతుంది.

ఒంగోలు వకీలు

మంచి మాట గుర్తు చేశారు. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో లోపలికి వచ్చే దారి, బయటకు పోయే దారి, లాకప్, వరండా, రిసెప్షన్, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్ఐ గది, వెనుక భాగం, ఏదీ వదలకుండా కెమెరాలు పెట్టాలంది. బొమ్మతో పాటు మాట కూడా రికార్డు కావాలి. రాత్రి కూడా కనబడాలి. రికార్డు 18 నెలలు నిలవాలి, అంత సామర్థ్యం ఉన్న పరికరం దొరకకపోయినా ఏడాదికి తగ్గకూడదు. కెమెరా పనిచేయకపోతే జిల్లా కమిటీకి వెంటనే చెప్పవలసిన బాధ్యత ఎస్‌హెచ్‌ఓది.

ఆ జిల్లా కమిటీ గురించి చాలామందికి తెలియదు. కలెక్టరు, ఎస్పీలతో పాటు మేయరు లేదా జిల్లా పరిషత్ అధ్యక్షులు అందులో సభ్యులు. ఏ స్టేషన్‌లో ఏమి జరిగిందో తెలుసుకోవడానికి రికార్డులు సమీక్షించడం ఆ కమిటీ పనుల్లో ఒకటి. 2025 సెప్టెంబర్‌లో రాజస్థాన్ కస్టడీ మరణాల వార్త చూసి సుప్రీంకోర్టు ఈ కెమెరాల విషయాన్ని తనంతట తాను మళ్లీ చేపట్టింది. అంటే అమలు ఎలా ఉందో ఊహించవచ్చు.

మంజీర

జిల్లా పరిషత్ అధ్యక్షులు సభ్యులా? నేను ఎంపీటీసీగా ఉన్నన్నాళ్లూ మండల సమావేశంలో గానీ, జడ్పీ నుంచి వచ్చిన కాగితాల్లో గానీ ఈ కమిటీ మాట రాలేదు. తాగునీటి మీద, రోడ్ల మీద గంటల తరబడి మాట్లాడాం. స్టేషన్ గురించి మాట్లాడటం మన పరిధి కాదని అందరం అనుకున్నాం. ఇది చాలా పెద్ద విషయం. స్థానిక సంస్థకు స్టేషన్ మీద ఉన్న ఒక్క హక్కు ఇదేనేమో.

కొల్లేటి కొంగ

మీరంతా చెప్పినవి నాన్నగారికి చదివి వినిపించాను. ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టు వేశాను. కెమెరా రికార్డు అడిగితే ఇస్తారా? సమాచార హక్కు కింద ఏమి అడగాలి?

విలేకరి నల్గొండ

రికార్డు అడిగితే దర్యాప్తుకు ఆటంకమని సమాచార హక్కు చట్టం 8(1)(హెచ్) చూపించి నిరాకరించే అవకాశం ఎక్కువ. అందుకని రెండు దరఖాస్తులు వేరుగా వేయండి. ఒకదానిలో మీ నాన్నగారు ఉన్న తేదీ రికార్డు. ఇంకోదానిలో రికార్డు అడగకుండా వ్యవస్థ గురించి అడగండి. జిల్లా కమిటీ ఏ తేదీన ఏర్పడింది, సభ్యులెవరు, గత రెండేళ్లలో ఎన్నిసార్లు కూర్చుంది, ఆ మినిట్స్ నకలు. మీ స్టేషన్‌లో ఎన్ని కెమెరాలు, అందులో ఎన్ని పనిచేస్తున్నాయి, రికార్డు ఎన్ని నెలలు ఉంటుంది. జిల్లాలో కంప్లయింట్స్ అథారిటీ కార్యాలయం చిరునామా ఏమిటి, చైర్మన్ ఎవరు, ఇంతవరకు ఎన్ని ఫిర్యాదులు అందాయి. ఈ రెండోదాన్ని 8(1)(హెచ్) కింద ఆపలేరు. జిల్లా పోలీసు కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి ఒకటి, కలెక్టరేట్‌కు ఒకటి పంపండి. పది రూపాయల ఫీజు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు.

"సమాచారం లేదు" అని రాసి ఇచ్చినా మంచిదే. ఆ మాట కాగితం మీద సంతకంతో ఉంటే హైకోర్టులో వకీలు గారి వంటివారికి పనికొస్తుంది.

సివిల్స్ బెంచి

మా అన్నతో మాట్లాడాను. వాళ్ల స్టేషన్‌లో కెమెరాలు ఉన్నాయట, రికార్డు ఎన్నాళ్లు ఉంటుందో ఆయనకు తెలియదట. జనం మీదకు వచ్చి కొట్టిన సందర్భంలో ఆ రికార్డే తనను కాపాడిందని మాత్రం చెప్పాడు. అథారిటీ వస్తే కానిస్టేబుళ్లు కూడా పైఅధికారుల మీద అక్కడికి వెళ్లవచ్చా?

ఒంగోలు వకీలు

తీర్పులో ఉన్నది ప్రజల ఫిర్యాదుల కోసం. శాఖ లోపలి బదిలీలు, పదోన్నతుల మీద ఎస్పీ, ఆపై స్థాయి అధికారులు చెప్పుకోవడానికి ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డునే వేదికగా పెట్టారు. చట్టవిరుద్ధమైన ఆదేశాలు ఇచ్చారన్న ఫిర్యాదు కూడా వాళ్లు ఆ బోర్డు ముందు పెట్టుకోవచ్చు. కానిస్టేబుళ్లకు ఆ దారి పెట్టలేదు.

కొల్లేటి కొంగ గారూ, సమాచార హక్కు దరఖాస్తుకు ముందే ఒక పని చేయండి. ఫలానా తేదీన ఫలానా వేళ నుంచి ఫలానా వేళ దాకా ఉన్న రికార్డును చెరిపివేయకుండా భద్రపరచాలని ఎస్పీకి, కలెక్టరుకు, ఎస్‌హెచ్‌ఓకి ఒకే ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. 2020 తీర్పును అందులో ప్రస్తావించండి. రేపు మేజిస్ట్రేటు ముందు గానీ, మానవ హక్కుల కమిషన్ ముందు గానీ రికార్డు తెప్పించమని అడిగినప్పుడు "పాతది చెరిగిపోయింది" అనే జవాబు రాకూడదు. మీ నాన్నగారి గాయాల సర్టిఫికెట్ నకలు ఆసుపత్రి నుంచి ఇప్పుడే తీసుకోండి. ఘటన జరిగిన తేదీ నుంచి ఏడాది లోపు కమిషన్‌కు కూడా ఒక కాపీ పంపండి.

మంజీర

అవే ప్రశ్నలతో సంగారెడ్డి కలెక్టరేట్‌లో నేనూ దరఖాస్తు ఇస్తున్నాను. జడ్పీ కార్యాలయానికి కూడా ఒకటి పంపుతాను, కమిటీ సమావేశానికి ఎవరైనా పిలిచారా అని. మిగతా జిల్లాల వాళ్లు ఎవరైనా వేస్తే ఇక్కడ చెప్పండి. ప్రశ్నల వరుస ఒకేలా ఉంటే జవాబులు పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

పాత రైటర్

నాకు ప్రకాశం, పల్నాడు జిల్లాల్లో తోటివారు ఉన్నారు. రిటైరైనవాళ్లే కాబట్టి భయం లేదు. వాళ్లతో వేయిస్తాను.